ప్రవేశ నిరాకరణ: యుద్ధకాలంలో విదేశీ ప్రముఖులపై ప్రయాణ నిషేధ చట్టాలు

(విజయనగరంలో న్యాయవాదులు, న్యాయశాస్త్ర విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, బార్ మిత్రులకు, న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఒక దేశం మరొక దేశంపై దండెత్తినప్పుడు, ఆ దాడిని ఆదేశించిన పాలకులను, దానికి అండగా నిలిచిన కుబేరులను, కొన్నిసార్లు వారి భార్యాబిడ్డలను కూడా తమ గడ్డపై అడుగుపెట్టనివ్వబోమని యుద్ధంతో నేరుగా సంబంధం లేని దేశాలు ప్రకటించడం ఇటీవలి కాలంలో బాగా పెరిగింది. ఆస్తుల స్తంభన, వాణిజ్య ఆంక్షలు, చమురు ధరపై పరిమితి వంటి వాటి గురించి పత్రికలు విస్తారంగా రాస్తాయి. ప్రయాణ నిషేధం మాత్రం వార్త చివరి వాక్యంలో ఒదిగిపోతుంది. ఈ నిషేధాన్ని ఏ చట్టం కింద విధిస్తారు, ఎవరి సంతకంతో విధిస్తారు, దాన్ని ఎవరి ముందు సవాలు చేయవచ్చు అనే ప్రశ్నలనే ఈ రోజు నేను చర్చిస్తాను. ఉక్రెయిన్ యుద్ధం మనకు ఎంత దూరమో, ఎంత దగ్గరో మీకు చెప్పనక్కరలేదు. 2022లో పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగినప్పుడు ఇంటింటా ఆ యుద్ధం తెలిసింది. అక్కడ వైద్యవిద్య చదువుతున్న పిల్లల కోసం ఎదురుచూసిన కుటుంబాలు మన ప్రాంతంలోనూ ఉన్నాయి.

ముందుగా న్యూజిలాండ్‌ను తీసుకుంటాను. పెద్ద శక్తుల కంటే ఇలాంటి చిన్న దేశం దగ్గరే చట్టం అవసరం స్పష్టంగా కనిపిస్తుంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యాలు ఉక్రెయిన్‌లోకి ప్రవేశించేనాటికి న్యూజిలాండ్‌కు సొంతంగా ఆంక్షలు విధించే శాసనం లేదు. వారి చేతిలో ఉన్నది 1946 నాటి ఐక్యరాజ్యసమితి చట్టం ఒక్కటే. అంటే, భద్రతా మండలి తీర్మానం చేస్తే దాన్ని దేశంలో అమలు చేయగలరు. మండలి మౌనంగా ఉంటే వీరూ మౌనంగా ఉండవలసిందే. 2017లో స్వతంత్ర ఆంక్షల బిల్లు ఒకటి అక్కడి పార్లమెంటుకు వచ్చింది కానీ ముందుకు సాగలేదు. దాడి జరిగిన మరునాడు, ఫిబ్రవరి 25న, భద్రతా మండలిలో రష్యా చర్యను ఖండిస్తూ ప్రవేశపెట్టిన తీర్మానానికి 11 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. భారత్, చైనా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. రష్యా తన వీటోతో దాన్ని వీగిపోయేలా చేసింది. దండెత్తిన దేశమే శాశ్వత సభ్యత్వంతో మండలిలో కూర్చున్నప్పుడు, సమితి చార్టర్‌లోని 41వ అధికరణ కింద ఆ దేశంపై ఆంక్షలు రావడం అసాధ్యమని ఆ ఒక్క ఓటింగుతో తేలిపోయింది. న్యూజిలాండ్ ప్రభుత్వం హడావుడిగా రష్యా ఆంక్షల బిల్లును తయారుచేసి పార్లమెంటు ముందుంచగా, మార్చి 9న అన్ని పార్టీలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. ఆస్తుల స్తంభనకు, రష్యా సంపన్నుల విలాస నౌకలను, విమానాలను తమ జలాల్లోకి, గగనతలంలోకి రానివ్వకపోవడానికి ఆ చట్టం అధికారమిచ్చింది. ఉల్లంఘించిన వ్యక్తికి ఏడేళ్ల వరకు జైలు, సంస్థకు పది లక్షల డాలర్ల వరకు జరిమానా అని రాశారు.

ఇక్కడ న్యాయ విద్యార్థులు గమనించవలసిన ఒక సంగతి ఉంది. బిల్లు ఆమోదం పొందడానికి ముందే న్యూజిలాండ్ ప్రయాణ నిషేధాలను ప్రకటించింది. పుతిన్‌తో పాటు రష్యా నాయకత్వంలోని వారు, ఇతర ప్రముఖులు కలిపి 100 మంది పేర్లతో ఒక జాబితాను మార్చి 7న బహిరంగంగా విడుదల చేసింది. చట్టం లేకుండా అది ఎలా సాధ్యమైంది? ఒకరి బ్యాంకు ఖాతాను ఆపాలంటే ఆస్తిహక్కు అడ్డు వస్తుంది కాబట్టి దానికి శాసనం కావాలి. విదేశీయుడిని సరిహద్దు దగ్గర ఆపడానికి కొత్త శాసనం అక్కరలేదు, వలస చట్టంలో ప్రభుత్వానికి ఎప్పటినుంచో ఉన్న విచక్షణాధికారమే చాలు. పరాయి దేశంలోకి ప్రవేశించే హక్కు ఎవరికీ లేదన్నది అంతర్జాతీయ న్యాయంలో పాత సూత్రం. అందుచేత ప్రయాణ నిషేధం ఆంక్షలన్నింటిలోకి సులువైనది, చౌకైనది, ప్రభుత్వానికి రాజకీయంగా ఏ నష్టమూ తేనిది. సులువైన అధికారాల విషయంలోనే న్యాయవాది ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

అమెరికాను చూడండి. 1952 నాటి వలస, జాతీయత చట్టంలోని 212(ఎఫ్) సెక్షన్, ఏ విదేశీయుడి రాక గానీ, ఏ తరగతి విదేశీయుల రాక గానీ దేశ ప్రయోజనాలకు భంగకరమని అధ్యక్షుడు భావిస్తే దాన్ని నిలిపివేసే అధికారం ఇస్తుంది. 2014 మార్చిలో క్రిమియాను రష్యా కలుపుకున్నప్పుడు అధ్యక్షుడు ఒబామా జారీ చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వులు ఈ సెక్షన్ ఆధారంగానే, ఉక్రెయిన్ సార్వభౌమత్వాన్ని దెబ్బతీసిన వారి ప్రవేశాన్ని నిలిపివేశాయి. వారి ఆస్తుల స్తంభనకు మాత్రం 1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని వాడవలసి వచ్చింది. అదే 212(ఎఫ్)ను 2017లో అధ్యక్షుడు ట్రంప్ కొన్ని దేశాల సామాన్య పౌరులందరికీ వర్తింపజేశారు. ఆ దేశాల్లో ఎక్కువ భాగం ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్నవే. ఆ నిషేధం చివరి రూపాన్ని 2018 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో సమర్థించింది. యుద్ధానికి ఆదేశాలిచ్చిన మంత్రిని ఆపిన సెక్షనే, ఏ నేరమూ ఎరుగని విద్యార్థినీ ఆపింది. విచక్షణాధికారాన్ని ఎవరి మీద వాడాలో శాసనం చెప్పకపోతే ఇలాగే జరుగుతుంది.

అందువల్లనే అమెరికా కాంగ్రెస్ కొన్నిచోట్ల ఎవరిని నిషేధించాలో తానే రాసింది. రష్యాలో పన్ను మోసాన్ని బయటపెట్టి 2009లో జైలులో మరణించిన సెర్గీ మాగ్నిట్‌స్కీ పేరిట 2012లో వచ్చిన చట్టం, ఆయన మరణానికి బాధ్యులైనవారికి వీసా ఇవ్వరాదని నిర్దేశించింది. 2016లో దాన్ని ప్రపంచమంతటికీ విస్తరించారు. ఏటా ఆమోదించే వ్యయ చట్టంలోని 7031(సి) అనే నిబంధన, భారీ అవినీతికి లేదా తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘనకు పాల్పడిన విదేశీ అధికారులతో పాటు వారి సన్నిహిత కుటుంబ సభ్యులు కూడా ప్రవేశానికి అనర్హులని చెబుతుంది. ఆ నిర్ణయాన్ని బహిరంగంగా గానీ రహస్యంగా గానీ తీసుకోవచ్చునట. విమానాశ్రయంలో వెనక్కి పంపే దాకా తాను నిషిద్ధుడనని తెలియని వ్యక్తి తన నడవడిక మార్చుకుంటాడని ఆశించడంలో అర్థం నాకు కనిపించదు.

కెనడా ఉదంతం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ విచక్షణాధికారం ఎక్కువ కాలేదు, శాసనంలోనే కన్నం మిగిలిపోయింది. కెనడా 1992 నాటి ప్రత్యేక ఆర్థిక చర్యల చట్టం కింద వేల మంది రష్యన్లపై ఆంక్షలు విధించింది. అయితే వలస చట్టం ప్రకారం, మానవ హక్కుల ఉల్లంఘన లేదా అవినీతి కారణంగా జాబితాకెక్కినవారు మాత్రమే ప్రవేశానికి అనర్హులు. అంతర్జాతీయ శాంతిభద్రతలకు తీవ్ర భంగం, అంటే సూటిగా యుద్ధం, కారణంగా జాబితాకెక్కిన వ్యక్తి ఆ పరిధిలోకి రాలేదు. అతని డబ్బు కెనడాలో కదలదు, అతను మాత్రం వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ వైపరీత్యాన్ని సరిచేసిన ఎస్–8 బిల్లు 2023 జూన్ 22న చట్టమైంది. అప్పటికి యుద్ధం మొదలై దాదాపు పదహారు నెలలైంది. ఇద్దరు మంత్రుల పరిధిలోని రెండు చట్టాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం మన సచివాలయాల్లోనే కాదు, ఒట్టావాలోనూ జరుగుతుందని తెలిసి కొంత ఊరట కలిగింది.

వ్యక్తులను గురిపెట్టే ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు భద్రతా మండలి 661వ తీర్మానంతో ఆ దేశం మొత్తాన్ని దిగ్బంధించింది. మందులు, ఆహారం, మంచినీటి శుద్ధికి కావలసిన సామగ్రి కరువై సామాన్య ప్రజలు అలమటించారు. సద్దాం హుస్సేన్ భవనాలకు లోటు రాలేదు. ఆ అనుభవం తరువాత, దేశాన్ని కాక నిర్ణయాలు తీసుకునేవారిని శిక్షించాలనే ఆలోచన బలపడింది. 1997 ఆగస్టులో అంగోలా అంతర్యుద్ధంలో యూనిటా తిరుగుబాటు సంస్థ శాంతి ఒప్పందానికి కట్టుబడనందుకు, 1127వ తీర్మానం ఆ సంస్థ సీనియర్ నాయకులకూ వారి వయోజన కుటుంబ సభ్యులకూ సభ్యదేశాల్లో ప్రవేశాన్ని, వాటి మీదుగా ప్రయాణాన్ని నిషేధించింది. రెండు నెలలకు సియెర్రా లియోన్ సైనిక పాలకులపైనా అలాంటి తీర్మానమే వచ్చింది. ఈ రోజు మనం చూస్తున్న జాబితాలకు మూలం అక్కడ ఉంది.

ఐరోపా సమాఖ్యలో ఈ యంత్రాంగం ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. 2014 మార్చి 17 నాటి 145వ నిర్ణయం దానికి పునాది. ఆస్తుల స్తంభన సమాఖ్య నిబంధనగా నేరుగా అమలవుతుంది. ప్రయాణ నిషేధాన్ని సభ్యదేశాలు తమ తమ వలస చట్టాల ద్వారా అమలు చేస్తాయి. కొత్త పేరు చేర్చాలంటే 27 దేశాల ఏకాభిప్రాయం కావాలి. ఆరు నెలలకొకసారి జాబితా మొత్తాన్ని మళ్లీ ఏకగ్రీవంగా పొడిగించాలి. ఒక్క దేశం మొండికేస్తే రెండు వేలకు పైగా వ్యక్తులు, సంస్థలు ఉన్న జాబితా ఒక్కరోజులో రద్దయిపోతుంది. అందుకే ప్రతి మార్చిలోనూ, ప్రతి సెప్టెంబరులోనూ బ్రస్సెల్స్‌లో బేరసారాలు నడుస్తాయి, కొన్ని పేర్లు చడీచప్పుడు లేకుండా జాబితా నుంచి జారిపోతాయి.

ఇందులో విచిత్రం ఒకటుంది. 2022 ఫిబ్రవరి 25న రష్యా అధ్యక్షుడు పుతిన్‌ను, విదేశాంగ మంత్రి లావ్రోవ్‌ను సమాఖ్య జాబితాలో చేర్చింది కానీ వారిద్దరికీ ఆస్తుల స్తంభన మాత్రమే వర్తింపజేసింది. ప్రయాణ నిషేధం విధించలేదు. చర్చలకు రావలసిన మనుషులకు తలుపు మూయకూడదన్నది దాని వెనుక ఉన్న తర్కం. ఆ తర్కాన్ని నేను తప్పుపట్టను. అయితే రెండు రోజులకే రష్యా విమానాలన్నింటికీ సమాఖ్య తన గగనతలాన్ని మూసివేసింది. ఫలితంగా మార్చి 1న జెనీవాలో జరిగిన సమితి సమావేశానికి లావ్రోవ్ స్వయంగా వెళ్లలేక వీడియో ద్వారా మాట్లాడవలసి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో సెర్బియా వెళ్లబోతే బల్గేరియా, నార్త్ మాసిడోనియా, మాంటెనెగ్రో తమ మీదుగా ఆయన విమానాన్ని ఎగరనివ్వలేదు. వ్యక్తిపై నిషేధం లేదు, విమానంపై ఉంది.

అమెరికాకు ఇంకో చిక్కు ఉంది. సమితి ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌లో ఉన్నందున, 1947 నాటి ఒప్పందం ప్రకారం అక్కడి సమావేశాలకు వచ్చేవారిని ఆ దేశం అడ్డుకోరాదు. తన ఆంక్షల జాబితాలో తానే చేర్చిన లావ్రోవ్‌కు ఆ తరువాత కూడా వీసా ఇవ్వక తప్పలేదు. ఇక 2025 ఆగస్టులో పుతిన్ అలాస్కాలో అమెరికా సైనిక స్థావరంలో దిగి, అమెరికా అధ్యక్షుడితో చేయి కలిపారు. రాజకీయ అవసరం వచ్చిన రోజున ఏ ప్రయాణ నిషేధమైనా పక్కకు తప్పుకుంటుంది. దేశాధినేత విషయంలో ఈ నిషేధానికి ప్రతీకగా తప్ప పెద్ద విలువ లేదన్నది నా అభిప్రాయం. ఇది నిజంగా తగిలేది దేశాధినేతకు కాదు. అతని చుట్టూ చేరి సంపద పోగేసుకుని, ఆ సంపదను అనుభవించడానికి మాత్రం లండన్‌నూ, ఫ్రెంచ్ సముద్రతీరాన్నీ, ఇటలీ సరస్సుల ఒడ్డునూ ఎంచుకున్న వర్గానికి. తమ దేశంలో న్యాయస్థానాలను తామే నిర్వీర్యం చేసి, తమ ఆస్తికి మాత్రం పరాయి దేశపు న్యాయస్థానాల రక్షణ కోరుకున్న వర్గం అది. ఆ దేశాలు ఆ ఆశ్రయాన్ని వెనక్కి తీసుకోవడాన్ని నేను సమర్థిస్తాను. యుద్ధాన్ని ఆపుతుందనే భ్రమతో కాదు, ఆశ్రయం ఇవ్వడమూ ఒక రాజకీయ చర్యే కాబట్టి.

అయితే ఆ ఆశ్రయాన్ని అమ్మింది ఎవరు? బ్రిటన్ 2008లో ప్రారంభించిన పెట్టుబడిదారుల వీసా పథకం కింద, 2014 నుంచి 20 లక్షల పౌండ్లు పెట్టినవారికి నివాస హక్కు దొరికేది. దాన్ని 2022 ఫిబ్రవరి 17న, అంటే దాడికి సరిగ్గా వారం ముందు, మూసివేశారు. సైప్రస్ ఏకంగా పౌరసత్వాన్నే అమ్మింది. అక్కడ 2007–2020 మధ్య ఈ మార్గంలో 6,779 మందికి పౌరసత్వం ఇచ్చారని, అందులో సగానికి పైగా చట్టవిరుద్ధంగా ఇచ్చినవేనని ఆ దేశపు విచారణ సంఘమే 2021లో తేల్చింది. మాల్టా పథకం చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పేదాకా అది సాగుతూనే ఉంది. ఈ రెండో పాస్‌పోర్టుల పర్యవసానం సమాఖ్య నిర్ణయంలోనే కనిపిస్తుంది: సభ్యదేశం తన సొంత పౌరుడికి ప్రవేశం నిరాకరించవలసిన బాధ్యత లేదని అందులో స్పష్టంగా రాసి ఉంది. చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ యజమానిగా పేరుపొందిన రోమన్ అబ్రమోవిచ్ 2021లో పోర్చుగల్ పౌరసత్వం పొందారు. 2022 మార్చిలో సమాఖ్య ఆయనను జాబితాలో చేర్చినా, పోర్చుగల్ ద్వారం వద్ద ఆయనను ఆపవలసిన విధి ఆ దేశానికి లేదు. పాస్‌పోర్టుల అంగడి తెరిచి ఉంచి ప్రయాణ నిషేధ చట్టాలు చేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

పదో తరగతి పాసు కాని మన ఉద్దానం కుర్రవాడు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే అతని పాస్‌పోర్టుపై వలస తనిఖీ ముద్ర ఉంటుంది. 1983 నాటి వలస చట్టం కింద అనుమతి పొందాలి. అతని వీసా తిరస్కరిస్తే కారణం చెప్పేవారు ఉండరు, ఏజెంటుకు కట్టిన డబ్బు తిరిగి రాదు. ప్రపంచంలో ప్రయాణ నిషేధం అత్యధికంగా అమలవుతున్నది పేదవారి మీద. దాన్ని ఆంక్ష అని ఎవరూ పిలవరు, దానిపై ఏ న్యాయస్థానమూ సుదీర్ఘ తీర్పులు రాయదు.

తీర్పుల మాట వచ్చింది కాబట్టి, ఈ అంశంలో నాకు అత్యంత ఆసక్తి కలిగించే భాగానికి వస్తాను. సౌదీ వ్యాపారి యాసిన్ కాదీ పేరు 2001లో సమితి ఉగ్రవాద ఆంక్షల జాబితాకెక్కింది. ఎందుకు ఎక్కిందో ఆయనకు చెప్పలేదు, చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వలేదు. 2008 సెప్టెంబరు 3న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం, భద్రతా మండలి తీర్మానాన్ని అమలు చేసే నిబంధన అయినా సరే మౌలిక హక్కులకు లోబడవలసిందేనని తీర్పు చెప్పింది. ఆ ఒత్తిడి ఫలితంగానే 2009 చివర్లో మండలి 1904వ తీర్మానంతో, జాబితా నుంచి తొలగింపు కోరేవారి విన్నపాలను పరిశీలించే అంబుడ్స్‌పర్సన్ పదవిని ఏర్పాటు చేసింది. మనేకా గాంధీ కేసు చదివిన ప్రతి విద్యార్థికీ ఈ వాదన పరిచితమే. 1977లో ఆమె పాస్‌పోర్టును ప్రజా ప్రయోజనం పేరుతో స్వాధీనం చేయమని ఆదేశించి, కారణాలు చెప్పబోమన్న ప్రభుత్వానికి, ప్రక్రియ న్యాయంగా, సముచితంగా, హేతుబద్ధంగా ఉండాలని 1978 జనవరిలో మన సుప్రీంకోర్టు చెప్పింది. లక్సెంబర్గ్ ముప్పై ఏళ్ల తరువాత చేరిన చోటికి ఢిల్లీ ముందే చేరింది.

రష్యా జాబితా విషయంలో ఈ సూత్రం కుటుంబ సభ్యుల దగ్గర పరీక్షకు గురైంది. వాగ్నర్ కిరాయి సైన్యపు అధిపతి ప్రిగోజిన్ తల్లిని, ఆమె కొడుకు చర్యల కారణంగా జాబితాలో చేర్చగా, కేవలం బంధుత్వం ఆధారంగా ఆంక్ష చెల్లదంటూ 2023 మార్చి 8న సమాఖ్య జనరల్ కోర్టు కొట్టివేసింది. ఫార్ములా వన్ డ్రైవర్ నికితా మాజెపిన్ పేరును అతని తండ్రి వ్యాపారం కారణంగా చేర్చారు; 2024 మార్చిలో అదీ నిలవలేదు. మధ్యలో, 2023 జూన్‌లో, ప్రముఖ వ్యాపారుల సన్నిహిత కుటుంబ సభ్యులనూ చేర్చేందుకు వీలుగా సమాఖ్య తన నిబంధనను మార్చుకుంది. ఓడిన కేసు నుంచి ప్రభుత్వాలు నేర్చుకునే పాఠం తరచూ ఇలాగే ఉంటుంది. ఆస్తిని భార్య పేరిట, పిల్లల పేరిట మార్చి తప్పించుకునేవారిని పట్టుకోవడానికి కుటుంబ నిబంధన కావాలన్న వాదనలో బలం ఉంది. బినామీ వ్యవహారాలు ఎలా నడుస్తాయో ఈ గదిలో ఉన్న సివిల్ న్యాయవాదులకు నేను చెప్పనక్కరలేదు. అయితే అది ఆస్తికి సంబంధించిన వాదన. తల్లి రైలెక్కి పారిస్ వెళ్లడానికీ బినామీకీ సంబంధం ఏమిటి? ప్రయాణ నిషేధాన్ని, ఆస్తుల స్తంభనను ఒకే జాబితాలో కట్టిపడేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రెండింటికీ వేర్వేరు ప్రమాణాలు ఉండాలి.

ఫలితాల సంగతి? ఇక్కడ లెక్క కలగాపులగంగా ఉంది. బ్యాంకు యజమాని ఒలెగ్ టింకోవ్ 2022 ఏప్రిల్‌లోనే యుద్ధాన్ని బహిరంగంగా దుయ్యబట్టి, ఆ ఏడాదే రష్యా పౌరసత్వం వదులుకున్నారు. 2023 జూలైలో బ్రిటన్ ఆయనపై ఆంక్షలు ఎత్తివేసింది. రష్యా ఇంటర్నెట్ సంస్థ యాండెక్స్ సంస్థాపకుడు అర్కాడీ వోలోజ్ 2023 ఆగస్టులో యుద్ధాన్ని అనాగరికమని ఖండించారు. 2024 మార్చిలో సమాఖ్య జాబితా నుంచి బయటపడ్డారు. ఇలా నోరు విప్పినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. మరోవైపు, లండన్‌లో స్థిరపడిన రష్యా కుబేరుడు మిఖాయిల్ ఫ్రిడ్‌మన్ 2023 అక్టోబరులో మాస్కోకు తిరిగి వెళ్లిపోయారు. విలాస నౌకలు తుర్కియే తీరానికి, కుటుంబాలు దుబాయ్‌కి తరలాయి. భద్రతా మండలి తీర్మానం లేని ఆంక్షలను ఆ దేశాలు పాటించవలసిన పని లేదు. పడమటి తలుపులు మూసుకున్నాక పాలకుడి దయ మీద ఆధారపడటం తప్ప గతిలేని కుబేరుడు ఆ పాలకుడికి మరింత విధేయుడవుతాడనే విమర్శను కొట్టిపారేయలేం. దానికి నా సమాధానం ఒక్కటే: బయటపడే దారి స్పష్టంగా రాసి ఉంటే కొందరైనా ఆ దారి పడతారు. ఏం చేస్తే జాబితా నుంచి పేరు పోతుందో శాసనంలో లేకపోవడం ఈ చట్టాల్లో చాలావాటిలోని అతి పెద్ద లోపం. మన పోలీసులు ఒక రౌడీషీటర్‌ను జిల్లా బహిష్కరణ చేయించాలన్నా నోటీసు, సంజాయిషీ, గడువు అనేవి ఉంటాయి. గడువు తీరితే అతను ఊరికి రావచ్చు. చాలా ప్రయాణ నిషేధాలకు ఆ పాటి ముగింపు కూడా లేదు.

ఒక ప్రముఖుడు ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం గురించి విజయనగరంలో మాట్లాడుతూ పద్మనాభం ప్రస్తావన లేకుండా ఉండటం కష్టం. పేష్కష్ (కప్పం) బకాయిల నెపంతో ఈస్టిండియా కంపెనీ, చిన విజయరామరాజు తన సంస్థానాన్ని విడిచి భత్యం తీసుకుని మచిలీపట్నంలో ఉండాలని ఆదేశించింది. ఆయన వెళ్లలేదు, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగారు. బలవంతుడు తన అధీనంలోని వాడిని కదిలించిన పద్ధతి అది. నేటి ప్రయాణ నిషేధానికి అంత శక్తి లేదు, ఉండకూడదు కూడా. అది తన గుమ్మాన్ని మాత్రమే మూయగలదు.

మన పొరుగు నుంచి ఒక ఉదాహరణ. శ్రీలంక అంతర్యుద్ధం 2009లో ముగిసింది. ఆ యుద్ధపు చివరి నెలల్లోని ఘోరాలకు సంబంధించి అప్పటి సైనికాధికారి శవేంద్ర సిల్వాకు, ఆయన కుటుంబానికి అమెరికా 2020 ఫిబ్రవరిలో 7031(సి) కింద ప్రవేశం నిరాకరించింది. 2023 జనవరిలో కెనడా మహింద, గోటబయ రాజపక్స సోదరులపై ఆంక్షలు విధించింది. 2025 మార్చిలో బ్రిటన్ సిల్వాతో పాటు మరో ఇద్దరు మాజీ సైనికాధిపతులపై, ఎల్‌టీటీఈ నుంచి విడిపోయి ప్రభుత్వం పక్షాన చేరిన కరుణ అమ్మాన్‌పై ఆస్తుల స్తంభన, ప్రయాణ నిషేధం విధించింది. యుద్ధం ముగిసిన దాదాపు పదహారేళ్లకు వచ్చిన ఈ చర్య ఎవరినీ ఏ ఘోరం నుంచీ ఆపలేదు. దేశీయ న్యాయస్థానాలు విచారించని సంగతిని ఒక విదేశీ ప్రభుత్వం పేర్లతో సహా నమోదు చేసింది, అంతవరకే. తమవారిని కోల్పోయిన తమిళ కుటుంబాలకు ఆ నమోదుకూ విలువ ఉందని నేను అనుకుంటున్నాను.

చివరగా మన దేశం సంగతి. భద్రతా మండలి ఆమోదం లేని ఏకపక్ష ఆంక్షలను భారత్ అంగీకరించదన్నది మన అధికారిక వైఖరి. ఆ వైఖరికి చరిత్రలో పెద్ద మినహాయింపు ఉంది. వర్ణవివక్షకు నిరసనగా 1946లోనే దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని నిషేధించిన మొదటి దేశం మనదే. దశాబ్దాల పాటు భారతీయ పాస్‌పోర్టు దక్షిణాఫ్రికాకు చెల్లదని దానిపైనే ముద్రించేవారు. కాబట్టి సూత్రరీత్యా మనం ఎన్నడూ ఇలాంటి పని చేయలేదని చెప్పడం సరికాదు.

శాసనాల వరకు చూస్తే, 1947 నాటి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చట్టం మండలి నిర్ణయాలను ఉత్తర్వుల ద్వారా అమలు చేసే అధికారం ఇస్తుంది. చట్టవిరుద్ధ కార్యకలాపాల నివారణ చట్టంలో 2008లో చేర్చిన 51ఏ సెక్షన్, జాబితాకెక్కిన ఉగ్రవాదుల ఆస్తులను స్తంభింపజేయడానికీ వారు భారత్‌లోకి రాకుండా, మన మీదుగా ప్రయాణించకుండా ఆపడానికీ వీలు కల్పిస్తుంది. యుద్ధానికి కారకులైన విదేశీ ప్రముఖుల కోసం ప్రత్యేక చట్టం మనకు లేదు. అయితే అధికారం లేదని అనుకోకండి. విదేశీయుడిని బయటకు పంపే ప్రభుత్వాధికారానికి పరిమితి లేదని సుప్రీంకోర్టు 1955లోనే హాన్స్ ముల్లర్ కేసులో చెప్పింది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టంతో సహా నాలుగు పాత చట్టాలను రద్దుచేసి, దేశ భద్రత, సార్వభౌమత్వం, ప్రజారోగ్యంతో పాటు విదేశాలతో సంబంధాలను కూడా ప్రవేశ నిరాకరణకు కారణంగా పేర్కొంది. ఆ విషయంలో ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయమే అంతిమమని రాసింది. అంటే న్యూజిలాండ్ 2022 మార్చి 7న చేసిన పనిని మన ప్రభుత్వం కొత్త చట్టం అవసరం లేకుండా ఏ రోజైనా చేయగలదు. తేడా ఏమిటంటే, జాబితాను ప్రచురించవలసిన విధి గానీ, కారణాలు చెప్పవలసిన విధి గానీ, నిర్ణయాన్ని నిర్ణీత కాలానికి పునఃపరిశీలించవలసిన విధి గానీ మన శాసనంలో ఎక్కడా లేవు. ఈ మూడింటినీ చేర్చవలసిందిగా ఆ చట్టానికి సవరణ ముసాయిదా ఒకటి రాయమని మీలో చివరి సంవత్సరం చదువుతున్నవారిని కోరుతున్నాను. రాసినవారు తీసుకువస్తే కూర్చుని సెక్షన్ల వారీగా చదువుదాం.